దత్తత చట్టం దాచిపెట్టిన పుట్టుక

బిడ్డను దత్తతకు అప్పగించే తల్లి సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటుంది. దాన్ని సరెండర్ పత్రం అంటారు. బాలల సంక్షేమ సమితి ముందు కూర్చుని ఆ తల్లి సంతకమో వేలిముద్రో వెయ్యాలి. తన ఇష్టంతోనే ఇస్తున్నానని, ఎవరి ఒత్తిడీ లేదని, ప్రతిఫలం తీసుకోలేదని, అరవై రోజుల్లో మనసు మార్చుకోకపోతే బిడ్డ మీద ఇక హక్కుండదని అందులో రాసుంటుంది. చివర్లో ఇంకో మాట. రేపు బిడ్డ తన మూలాలు వెతుక్కుంటూ వస్తే నీ పేరు, చిరునామా చెప్పాల్నా, వద్దా? రెండింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి.

ఈ వ్యాసం ఆ టిక్కు గురించి. బిడ్డను కని పది రోజులు కూడా కాని ఆడమనిషి, చదువు రాని మనిషి, ఇంట్లోవాళ్లకు తెలియకుండా వచ్చిందో, ఇంట్లోవాళ్లే తోలుకొచ్చారో తెలియని మనిషి, ఇరవై ఏళ్ల తర్వాతి సంగతి అప్పటికప్పుడే తేల్చి చెప్పాలి. ఆమె 'వద్దు' అంటే తప్పు పట్టడానికి ఎవరికీ అర్హత లేదు. నా అభ్యంతరం ఆమె మీద కాదు, ఆ కాగితం రాసిన చట్టం మీద. రెండు వేరువేరు సంగతుల్ని అది ఒక్క టిక్కులో కట్టేసింది. ఒకటి తల్లి ఆచూకీ. రెండోది బిడ్డ పుట్టుక చరిత్ర: ఏ ఊరి బిడ్డ, ఏ కులం, ఏ తండా, ఎందుకు ఇల్లు వదలాల్సి వచ్చింది. ఆచూకీ తల్లిది. చరిత్ర బిడ్డది. తల్లి ఆచూకీ దాచే పేరుతో బిడ్డ చరిత్రను కూడా దాచేయొచ్చునా అన్నదే ప్రశ్న.

దత్తతలో పుట్టిన కుటుంబం వివరాలు చెప్పాల్నా వద్దా అన్న చర్చ మన దగ్గర ఇంతవరకు మనస్తత్వ శాస్త్రం మాటల్లోనే నడిచింది. పిల్ల మనసు గాయపడుతుందా, వంశపారంపర్య జబ్బులు తెలియడం అవసరమా, ఇట్లాంటివి. అవీ అవసరమే. కాని ఈ దేశంలో పుట్టుక అంటే కులం. దత్తతకు వస్తున్న పిల్లలు ఏ ఇళ్లనుంచి వస్తున్నారు, ఏ ఇళ్లకు పోతున్నారు అని అడక్కుండా పుట్టుక సమాచారం గురించి మాట్లాడితే అది సగం మాటే అవుతుంది.

పాత ధర్మశాస్త్రం, కొత్త చట్టం

1956కు ముందు దత్తత అంటే ధర్మశాస్త్రాల దత్తతే. బ్రిటిష్ కోర్టులు 'దత్తక మీమాంస', 'దత్తక చంద్రిక' అనే రెండు గ్రంథాల్ని ముందు పెట్టుకుని తీర్పులిచ్చాయి. కొడుకునే దత్తత తీసుకోవాలి. ఆ కొడుకు తమ వర్ణంవాడే కావాలి. పిండం పెట్టడానికి, ఆస్తి బయటికి పోకుండా ఉండడానికి చేసుకున్న ఏర్పాటది. అందుకే ఆ దత్తతలో పుట్టుక దాచడమనే సమస్యే లేదు. పుట్టుక తెలిసిన బిడ్డనే తీసుకుంటారు. ఏ గోత్రం, ఎవరి కొడుకు, తల్లి ఎవరు అన్నీ చూసే తీసుకుంటారు. శూద్రులకు మాత్రం హోమం అక్కర్లేదని, అక్కకొడుకునీ కూతురి కొడుకునీ కూడా దత్తత తీసుకోవచ్చని సడలింపు ఇచ్చారు. దిగువ కులాల ఆచారం తమ పుస్తకంలో ఇమడదని ఆ శాస్త్రకారులకూ తెలుసన్నమాట.

మా వాడల్లో దత్తత అన్న మాటే వినపడదు. 'పెంచుకున్నరు' అంటారు. చెల్లెలి బిడ్డను అక్క పెంచుకుంటుంది, చచ్చిపోయిన ఆడబిడ్డ పిల్లను వదినె పెంచుకుంటుంది. కాగితం లేదు, హోమం లేదు. ఆ పిల్లకు కన్నతల్లి ఎవరో, పెంచినతల్లి ఎవరో రెండూ తెలుసు. పండక్కి ఆ ఇంటికీ పోతుంది, ఈ ఇంట్లోనూ ఉంటుంది. దీన్ని గొప్ప చేసి చెప్పడం లేదు. పెంపకం పేరుతో పసిపిల్లల్ని గొడ్ల దగ్గరికి తోలిన ఇళ్లూ ఉన్నాయి. నేను చెప్పేదల్లా ఒక్కటే. పెంచడానికి పుట్టుకను తుడిచెయ్యడం తప్పనిసరి అనేది మా అనుభవంలో లేదు.

అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లులో పెళ్లికైనా దత్తతకైనా ఒకే కులం కావాలన్న నియమాన్ని తీసేశాడు. బిల్లు నడవనివ్వకపోవడంతో 1951లో మంత్రి పదవి వదిలేశాడు. తర్వాత అది ముక్కలు ముక్కలుగా చట్టమయింది. అందులో ఒక ముక్క 1956 నాటి హిందూ దత్తత, భరణాల చట్టం. కూతుర్ని కూడా దత్తత తీసుకోవచ్చు. కులం అడ్డు లేదు. ఇది చిన్న విజయం కాదు.

అయితే ఆ చట్టంలోని 12వ సెక్షన్ చదవండి. దత్తత జరిగిన రోజునుంచి పుట్టిన కుటుంబంతో బిడ్డకున్న సంబంధాలన్నీ తెగిపోయినట్టే అంటుంది. వెంటనే ఒక మినహాయింపు పెడుతుంది. పుట్టిన ఇంట్లోనే ఉంటే ఎవరిని పెళ్లి చేసుకోకూడదో దత్తత తర్వాత కూడా వాళ్లను చేసుకోకూడదు! అంటే ప్రేమకు, అన్నానికి, వారసత్వానికి పుట్టిన ఇల్లు తెగిపోయింది. పెళ్లి వరసకు మాత్రం తెగలేదు. ధర్మశాస్త్రం వెనక గుమ్మంలోంచి మళ్లీ లోపలికొచ్చింది. సరే, వరస పాటించాలంటే పుట్టిన ఇల్లేదో తెలియాలి గదా? ఆ సంగతి ఎవరు చెప్పాలో, ఏ కాగితం దాచిపెట్టాలో చట్టం ఒక్క ముక్క రాయలేదు. పుట్టుక తెలిసే ఉంటుందని అనుకుని రాసిన చట్టమిది. అన్నదమ్ముల మధ్య, దాయాదుల మధ్య జరిగే దత్తతను చూసి రాసింది. కూలితల్లి ఆస్పత్రిలో వదిలి వచ్చిన బిడ్డ దాని కళ్లముందు లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని రెండో సెక్షనే చెప్తుంది. ఆదివాసుల ఆచారాన్ని గౌరవించినట్టు కనపడే ఈ మాట తర్వాత తండాల పిల్లల విషయంలో ఏమైందో ముందు చూద్దాం.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం మతంతో నిమిత్తం లేకుండా దత్తతకు దారి ఇచ్చింది. 2021 సవరణ తర్వాత దత్తత ఉత్తర్వు ఇచ్చే పని కోర్టుల నుంచి జిల్లా మేజిస్ట్రేటుకు వచ్చింది. ఈ చట్టంలో 63వ సెక్షన్ కూడా అదే పాట పాడుతుంది. పుట్టిన కుటుంబంతో సంబంధాలన్నీ తెగిపోతాయి, వాటి స్థానంలో కొత్తవి వస్తాయి. సంబంధం తెగిపోవడం ఒకటి. చరిత్ర లేకుండా పోవడం ఇంకొకటి. మన చట్టాలు మొదటిది చెప్తూ రెండోదాన్ని కూడా జరిపించేస్తున్నాయి.

పుట్టుక ఎప్పుడు కావాలి, ఎప్పుడు వద్దు

పుట్టుక గురించి రాజ్యానికి నిజంగానే పట్టింపు లేదా? ఉంది. ఎప్పుడుంటుందో చూడండి.

అగ్రకులంలో పుట్టినవాడు ఎస్సీ కుటుంబానికి దత్తత పోయి ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే అప్పుడు పుట్టుక కావాలి. 1975లోనే కేంద్ర హోంశాఖ దీని గురించి రాష్ట్రాలకు రాసింది. దత్తత ద్వారా ఎస్సీనని చెప్పుకునేవాళ్ల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి, దత్తత చెల్లుతుందో లేదో ముందు తేల్చాలి అని. 1996లో వల్సమ్మ పాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. ముందుబడిన కులంలో పుట్టి ఆ సౌకర్యాలన్నీ అనుభవించినవాళ్లు దత్తత ద్వారానో పెళ్లి ద్వారానో వెనకబడిన వర్గంలోకి వచ్చి రిజర్వేషన్ అడిగితే కుదరదని దాని సారాంశం. ఇది సరైన తీర్పే. దొంగ సర్టిఫికెట్ల మీద దళిత ఉద్యోగ సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాయి. 1993లో ఆంధ్రప్రదేశ్‌లో కుల ధృవీకరణ పత్రాల చట్టం వచ్చింది కూడా అందుకే. దాన్ని నేను వెనక్కి తీసుకోమనడం లేదు.

మరి ఎదురు దిక్కున ప్రయాణం జరిగితే? మాదిగ తల్లికి పుట్టిన బిడ్డ, లంబాడా తల్లికి పుట్టిన బిడ్డ అగ్రకుల ఇంటికో, విదేశాల్లోని తెల్లవాళ్ల ఇంటికో పోతే? అప్పుడు పుట్టుక ఎవరికీ అక్కర్లేదు. అక్కడ విచారణ లేదు, జాగ్రత్త లేదు. రహస్యమే జాగ్రత్త. పుట్టుక ఎవరి వాటానైనా తగ్గిస్తుందనుకుంటే రాజ్యం దాన్ని తవ్వి తీస్తుంది. అది ఎవరి అన్యాయాన్నైనా బయటపెడుతుందనుకుంటే పూడ్చిపెడుతుంది.

2012లో రమేష్‌భాయ్ నాయకా కేసులో సుప్రీంకోర్టు కులాంతర వివాహాల పిల్లల గురించి మాట్లాడుతూ ఒక మంచి మాట చెప్పింది. కులం కేవలం తండ్రి పేరుతో తేలేది కాదు, ఆ బిడ్డ ఎట్లా పెరిగింది, ఏ అవమానాలు ఏ లేమి అనుభవించింది అన్నది చూడాలంది. ఈ లెక్కన అగ్రకుల ఇంట్లో సుఖంగా పెరిగిన దళిత బిడ్డకు రిజర్వేషన్ రాకపోవచ్చు. రాకపోయినా ఫర్వాలేదు. పుట్టుక తెలుసుకునే హక్కును సర్టిఫికెట్ కోసమేనని కుదించడం కూడా పొరపాటే. ఉద్యోగం ఇవ్వని చరిత్ర కూడా చరిత్రే.

కథల్లో, సినిమాల్లో

చట్టం ఒక్కటే ఇట్లా ఆలోచించదు. మన సాహిత్యం, సినిమా కూడా అట్లనే ఆలోచిస్తాయి. కర్ణుడి కోసం ఈ దేశం రెండు వేల ఏళ్లుగా ఏడుస్తూనే ఉంది. ఎందుకు? క్షత్రియ బిడ్డ సూతుడి ఇంట్లో పెరిగాడని. సూతుడి ఇంట్లో పుట్టి సూతుడిగానే అవమానపడ్డ మిగతా పిల్లల కోసం ఎవరూ ఏడవలేదు. మన తెలుగు సినిమాల్లో జమీందారు బిడ్డ గుడిసెలో పెరుగుతాడు, చివర్లో పుట్టుమచ్చో గొలుసో దొరికి మేడలోకి పోతాడు. పుట్టుక తెలియడమంటే పైకి పోవడమే. తిరగేసిన కథ, మేడలో పెరిగినవాడు గుడిసె బిడ్డనని తెలిసి తలెత్తుకుని నిలబడే కథ మాత్రం మన తెరమీద కనపడదు.

టాగోర్ 'గోరా' నవల (1910)లో ఆచారం పట్టుకు వేలాడే గోరా చివరికి తాను ఐరిష్ దంపతుల బిడ్డనని తెలుసుకుంటాడు. ఆ తెలియడం అతన్ని కులం నుంచి విడుదల చేస్తుంది. మంచి నవల. కాని ఒక్క ప్రశ్న. ఆ బిడ్డ ఐరిష్ కాకుండా అంటరాని కులం బిడ్డ అయ్యుంటే అంత తేలిగ్గా విడుదల దొరికేదా? తెల్లవాడి పుట్టుక కులానికి బయట ఉంది. మన పుట్టుక కులానికి అడుగున ఉంది. అడుగున ఉన్నదాన్ని తెలుసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి టాగోర్ దాకా రాలేదు.

ఆ కథకు దగ్గరగా వచ్చింది బిమల్ రాయ్ 'సుజాత' (1959). కలరాతో చచ్చిపోయిన అంటరాని కూలీల బిడ్డ ఒక బ్రాహ్మణ ఇంజనీరు ఇంట్లో పెరుగుతుంది. ఆ ఇంటి తల్లి ఆమెను సొంత కూతురని మాత్రం అనలేదు, కూతురులాంటిదంటుంది. ఇక్కడ పుట్టుక దాచలేదు. దాన్ని గోడలా వాడారు. సుజాతకు తన పుట్టుక గురించి తెలిసేదల్లా అంటరానిదానివన్న ఒక్క మాట. తల్లి ఎట్లాంటి మనిషి, తండ్రి ఏం పని చేశాడు, వాళ్ల ఊరేది అన్నది ఆమెకూ తెలియదు, ప్రేక్షకుడికీ అక్కర్లేదు. చివర్లో ఆమె రక్తం ఇచ్చి పెంచిన తల్లిని బతికించాకే కూతురవుతుంది. కూతురు కావడానికి రక్తం ధార పోయాలి!

అంటే మన ఊహలో దళిత బిడ్డ పుట్టుకకు రెండే వాడకాలున్నాయి. దాచడం, లేకపోతే దాంతో కొట్టడం. మూడోది, దాన్ని మనిషి చరిత్రగా ఆ మనిషి చేతికి ఇవ్వడం, మన ఊహకే రాలేదు. ఊహకు రానిది చట్టంలోకి ఎట్లా వస్తుంది?

తండాల నుంచి వచ్చిన పిల్లలు

ఇప్పుడు తెలంగాణకు వద్దాం. 1999లోను, మళ్లీ 2001లోను హైదరాబాదు దత్తత కేంద్రాల వ్యవహారం బయటపడింది. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోని తండాలనుంచి లంబాడా ఆడపిల్లల్ని దళారులు కొద్దిపాటి డబ్బులిచ్చి తీసుకుపోయారు. వాళ్లలో చాలామంది విదేశీ దత్తతకు పోవాల్సిన పిల్లలు. తల్లులు ఇష్టపడి వదులుకున్నట్టు పత్రాలు తయారయ్యాయి. తర్వాత గీతా రామస్వామి, భంగ్యా భుక్యా దక్షిణ తెలంగాణ తండాల్లో ఈ సమస్యను అధ్యయనం చేశారు. 2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం, ఆడపిల్ల అన్న కారణాలతో బిడ్డల్ని వదులుకునే పద్ధతిని నిలిపేస్తూ ఉత్తర్వు ఇచ్చింది.

ఒకప్పుడు లంబాడాల్లో పిల్లకు ఓలి ఇచ్చి పెళ్లి చేసుకునేవాళ్లు. ఆడపిల్ల భారం కాదు. అది పోయి కట్నం వచ్చింది. వర్షాధార భూములు, కరువు, అప్పులు, పట్నానికి వలస అన్నీ కలిసి ఆడపిల్ల మీద పడ్డాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చారు. హిందూ దత్తత చట్టం వీళ్లకు వర్తించదు. ఆచారాన్ని కాపాడుతానన్న చట్టం పక్కకు తప్పుకుంది. బిడ్డ మాత్రం 1890 నాటి గార్డియన్ల చట్టం కింద విదేశీయుల సంరక్షణకు ఇచ్చే దారిలో పడింది.

ఈ దారికి కట్టుదిట్టాలు చెయ్యమని 1984లోనే లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు వివరంగా మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లికి సంగతంతా విడమరిచి చెప్పాలని, ఆలోచించుకోడానికి గడువివ్వాలని అంది. పుట్టిన తల్లిదండ్రుల సమాచారం గురించి కూడా మాట్లాడింది. ఆ వివరాలు విదేశీ తల్లిదండ్రులకు ఇవ్వొచ్చు. బిడ్డకు చెప్పాల్నా, ఎప్పుడు చెప్పాల అన్నది మాత్రం వాళ్ల విచక్షణ. చిన్నప్పుడు చెప్తే మనసు చెదురుతుంది, పెద్దయ్యాక అడిగితే చెప్పడానికి పెద్ద అభ్యంతరం ఉండక్కర్లేదు. ఆ రోజుకు అది పెద్ద అడుగే. కాని బిడ్డ చరిత్రకు కాపలాదారు ఎవరయ్యారు? పెంచుకున్నవాళ్లు. తండా బిడ్డ చరిత్ర తాళంచెవి సముద్రానికి అవతల ఇంట్లో పెట్టారు.

అసలు సమస్య అంతకన్నా లోతుది. తాళం తీస్తే లోపల ఏముంది? దళారి రాయించిన కాగితం. తల్లి పేరు తప్పు, ఊరి పేరు తప్పు, కారణం ముందే తయారైన వాక్యం. సమాచారం ఇవ్వాలా వద్దా అని పండితులు వాదించుకునే ముందు, సమాచారాన్ని ఎవరు రాశారని అడగాలి. చట్టం అడిగేది కాగితం ఉందా అని. కాగితం నిజమా అని తండాకు పోయి అడిగేదెవరు?

వదిలేసిన బిడ్డగా నమోదైతే ఇంకా కష్టం. తల్లిదండ్రుల్ని వెతకడానికి పత్రికలో బిడ్డ ఫోటో వేసి ప్రకటన ఇస్తారు. పత్రిక చదవని తల్లికి, పత్రిక రాని తండాకు ఆ ప్రకటన ఎట్లా చేరుతుంది? గడువు దాటితే బిడ్డ 'చట్టరీత్యా స్వేచ్ఛ' పొందుతుంది. దత్తతకు సిద్ధమని అర్థం. స్వేచ్ఛ అన్న మాట ఇక్కడ ఎంత వింతగా వాడుతున్నారో గమనించండి. తల్లినుంచి స్వేచ్ఛ!

ఇప్పటి నియమం ఏం చెప్తుంది

భారతదేశం 1992లో బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. వీలైనంత మేరకు తన తల్లిదండ్రుల్ని తెలుసుకునే హక్కు బిడ్డకుందని అందులో ఏడో అధికరణం చెప్తుంది. 1993 హేగ్ ఒడంబడికను మన దేశం 2003లో ఆమోదించింది. బిడ్డ పుట్టుక సమాచారాన్ని భద్రపరచాలని దాని 30వ అధికరణం. ఆ తర్వాత మన దత్తత నియమాల్లోకి మూలాల అన్వేషణ వచ్చింది. 2017 నియమాల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2022 నియమాల్లోనూ అది ఉంది.

దాని సారం ఇది. పద్దెనిమిదేళ్లు నిండిన దత్తపుత్రికో పుత్రుడో స్వయంగా దరఖాస్తు చెయ్యొచ్చు. చిన్నవాళ్లయితే పెంచిన తల్లిదండ్రులతో కలిసి చెయ్యాలి. కన్నతల్లి తన పేరు చెప్పొద్దని కోరి ఉంటే మళ్లీ ఆమె సమ్మతి అడగాలి. ఆమె కాదన్నా, దొరక్కపోయినా, ఏ కారణాలతో ఏ పరిస్థితుల్లో అప్పగించిందో బిడ్డకు చెప్పాలి. మూడో మనిషి వెతకడానికి వీల్లేదు. బిడ్డ హక్కు తల్లి గోప్యతను దెబ్బతీయకూడదు.

1984తో పోలిస్తే ఇది మెరుగే. బిడ్డను అడిగే మనిషిగా ఒప్పుకుంది. 'కారణాలు, పరిస్థితులు' చెప్పాలన్న మాట విలువైంది. నా వాదానికి ఊతం కూడా అదే. పేరు వేరు, చరిత్ర వేరు అని ఈ నియమం సగం ఒప్పుకుంది. ఆ సగం దగ్గరే ఆగిపోయింది. కారణాలు అంటే ఏమిటో చెప్పలేదు. 'పేదరికం వల్ల' అన్న రెండు మాటలు రాసినా నియమం పాటించినట్టే. ఎక్కడి పేదరికం, ఏ కులం పేదరికం, భూమి ఉండి పోయిందా మొదట్నుంచీ లేదా, తండ్రి ఎవరు, ఎందుకు రాలేదు అన్నవి ఎవరూ రాయనక్కర్లేదు. సామాజిక పరిశీలన నివేదికలో మతం, కులం గడులుంటాయి. కార్యాలయానికి తెలిసిన ఆ కులం బిడ్డకు తెలియాలని మాత్రం ఎక్కడా లేదు.

తండ్రి సంగతి చూద్దాం. పెళ్లయిన దంపతుల బిడ్డయితే ఇద్దరూ సంతకం చెయ్యాలి. పెళ్లికాని తల్లయితే ఆమె ఒక్కతి చేస్తే చాలు. తల్లికి ఇది అవసరమైన వెసులుబాటే. ఆ మగవాడి చుట్టూ తిరగమని ఆమెను ఎవరూ బలవంతం చెయ్యకూడదు. కాని ఫలితం ఏమిటి? దొరకొడుకు మోసం చేసిన కూలిపిల్ల కథలో కాగితం మీద మిగిలేది కూలిపిల్ల పేరే. దొర కొడుకు పేరు ఎక్కడా ఉండదు. పుట్టిన కుటుంబం నేపథ్యం అంటే తల్లి నేపథ్యం మాత్రమే. గోప్యత ఎవరిని కాపాడుతుందని ఎవరన్నా అడిగితే, అది అసలు అడగకుండానే కాపాడిన మనిషి ఆ తండ్రి.

ఇంకొకటి. వెతుకులాట ఒకవైపే నడుస్తుంది. బిడ్డ తల్లిని వెతకొచ్చు. తల్లి మాత్రం 'నా బిడ్డ బతికుందా, చదువుకుందా' అని ఒక్క ముక్క అడగడానికి నియమంలో చోటు లేదు. ఆనాడు భయంతో 'వద్దు' అని టిక్కు పెట్టిన తల్లి, పదేళ్ల తర్వాత ధైర్యం వచ్చి 'చెప్పండి' అనాలనుకుంటే ఎక్కడికి పోవాలో ఎవరూ ఆమెకు చెప్పరు.

రెండు సంగతుల్ని విడదీయడం

ఈ ముడి విప్పడం అసాధ్యం కాదు. అమెరికాలో ఆదివాసీ పిల్లల్ని పెద్దఎత్తున తెల్లవాళ్ల ఇళ్లకు, సంస్థలకు తరలించారు. నూటికి 25 నుంచి 35 మంది పిల్లలు కుటుంబాలకు దూరమయ్యారని అక్కడి కాంగ్రెసు ముందుకు లెక్కలు వచ్చాయి. 1978లో వాళ్లు ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ యాక్ట్ తెచ్చుకున్నారు. దాని ప్రకారం దత్తత పోయిన ఆదివాసీ బిడ్డ పద్దెనిమిదేళ్లు నిండాక అడిగితే, తన కన్నవాళ్లు ఏ తెగవాళ్లో కోర్టు చెప్పాలి. తల్లి తన పేరు బయటపెట్టొద్దని కోరి ఉంటే? అప్పుడు పేరు చెప్పరు. ఈ బిడ్డ పుట్టుక తెగలో సభ్యత్వానికి సరిపోతుందని ప్రభుత్వమే ఆ తెగకు ధృవీకరిస్తుంది. పేరు దాగింది, తెగ దాగలేదు. 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది.

కులమూ అమెరికా తెగా ఒకటి కాదు. అక్కడ తెగ అంటే సొంత పాలన ఉన్న జాతి. ఇక్కడ కులం మనం నిర్మూలించాలనుకునేది. ఆ తేడా మర్చిపోయి కాపీ కొట్టమని అనడం లేదు. తల్లి గోప్యతనూ బిడ్డ చరిత్రనూ చట్టం విడదీయగలదు అనడానికి అది రుజువు.

రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: కులం రాస్తే దత్తత తీసుకునేవాళ్లు కులం చూసి పిల్లల్ని ఏరుకుంటారు. నిజమే, ఏరుకుంటారు. రంగు చూసి ఏరుకునే సమాజం కులం చూడదా? అందుకే ఈ సమాచారం వాళ్లకు ఇవ్వొద్దు. ముద్ర వేసి భద్రం చెయ్యాలి. పెద్దయిన బిడ్డ అడిగితే ఆ బిడ్డకు మాత్రమే ఇవ్వాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులుగా ఉంది. కార్యాలయం గుమాస్తాకు తెలుసు, బిడ్డకు తెలియదు.

రెండోది, కొందరు ప్రగతిశీల మిత్రులే అంటారు: కులం లేకుండా పెరిగిన బిడ్డకు కులం ఎందుకు తగిలిస్తారు? ఈ మాట వినసొంపుగా ఉంటుంది. కాని కులం లేని ఇల్లు ఈ దేశంలో ఎక్కడుంది? అగ్రకుల ఇంట్లో పెరిగిన బిడ్డ కులం లేకుండా పెరగదు, ఆ ఇంటి కులంతో పెరుగుతుంది. ఆ ఇంటిపేరు పెట్టుకుంటుంది. ఒక్కోసారి తన కన్నతల్లి కులాన్ని తిట్టే మాటలు ఆ ఇంటి వరండాలోనే నేర్చుకుంటుంది. అంబేద్కర్ చెప్పిన కులనిర్మూలన దళిత పుట్టుకను దాచడం కాదు. దాచడం కులానికి సేవ చెయ్యడమే. దాస్తే మిగిలేది పెంచిన ఇంటి కులమే. తెలుసుకోవద్దనుకునే హక్కు కూడా బిడ్డకుంది. అడగకపోతే ఎవరూ చెప్పొద్దు. అడిగే నిర్ణయం మాత్రం ఆ బిడ్డదే కావాలి.

అడగాల్సినవి

సరెండర్ పత్రంలో ఆ టిక్కు ఒకటి కాదు, రెండు కావాలి. నీ పేరు చెప్పొచ్చా అన్నది ఒకటి, తల్లి ఇష్టం. నీ ఊరు, కులం, తెగ, నీ కథ బిడ్డ కోసం రాసి పెడతాం అన్నది రెండోది. అది చిన్న ఊళ్లో తల్లిని పట్టిచ్చేదైతే ఊరి పేరు బదులు జిల్లా చాలు. ఆ కథ అధికారి మాటల్లో కాకుండా తల్లి మాటల్లో, ఆమె భాషలో, గోర్ బోలీ అయితే గోర్ బోలీలో నమోదు కావాలి. రాసింది మళ్లీ చదివి వినిపించాలి. తల్లి ఎప్పుడు వచ్చినా టిక్కు మార్చుకునే వీలుండాలి. బిడ్డ క్షేమం అడిగితే, బిడ్డ ఎక్కడుందో చెప్పకపోయినా, బతికుందని చెప్పే బాధ్యత ప్రభుత్వానిది. 1999, 2001 వ్యవహారాల్లాంటి వాటిలో తప్పుడు కాగితాలతో పోయిన పిల్లలు ఇవ్వాళ ఇరవైల్లో ఉన్నారు. వాళ్లు వెతుక్కుంటూ వస్తే 'మూడో మనిషికి వీల్లేదు' అని తండావాళ్లనూ కార్యకర్తలనూ తలుపు బయట నిలబెట్టకూడదు. కాగితం అబద్ధమైన చోట నిజం తండా జ్ఞాపకంలోనే ఉంది.

ఇవన్నీ చేసినా అసలు ప్రశ్న మిగులుతుంది. పిల్లల్ని వదులుకోవాల్సి వచ్చే పరిస్థితి పోకుండా, వదులుకున్న కథను ఎంత భద్రంగా రాసిపెట్టినా ఏం లాభం అని అడగొచ్చు. ఆ ప్రశ్న అడగాల్సిందే. కాని ఆ కథలు రాసి లేకపోతే, ఈ పని ఎవరు చేయించారో, ఏ భూమి పోయి ఏ కట్నం వచ్చి తండాల్లో తొట్లు ఖాళీ అయ్యాయో రేపు ఎవరూ చెప్పలేరు. ప్రతి బిడ్డా 'పేదరికం వల్ల' అన్న రెండు మాటల కింద మాయమవుతుంది. బిడ్డ పుట్టుక ఆ బిడ్డకు తెలియాలనడం ఒక్క మనిషి కుతూహలం తీర్చడానికి కాదు. అది మన జనం మీద జరిగిన దానికి సాక్ష్యం. సాక్ష్యాన్ని దాచే చట్టాన్ని మార్చమని అడగడం మన పని.